మెయిల్ ఉంది, వెతికితే రాదు: నాట్‌మచ్‌ను బిల్డ్ చేసి, డీబగ్ చేసి, తెలుగుకు పనికొచ్చేలా మార్చడం

మెయిల్ సెర్చ్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం సెర్చ్‌లో ఉండదు. అంతకు ముందే ఎక్కడో జారిపోయి ఉంటుంది: మెయిల్‌ను డీకోడ్ చేసేటప్పుడు, దాన్ని మాటలుగా విడగొట్టేటప్పుడు, లేదా ఆ మాటలు ఇండెక్స్‌లోకి (ఏ మాట ఏ మెయిల్‌లో ఉందో చెప్పే పట్టికలోకి) ఎక్కేటప్పుడు. తెలుగు మెయిళ్ల విషయంలో ఈ జారుడు మరీ ఎక్కువ. అందుకే నాట్‌మచ్ అనే మెయిల్ సెర్చ్ టూల్ మీద రాసిన ఈ మార్గదర్శిలో కోడ్ మార్చడం కంటే తప్పు ఏ దశలో జరిగిందో పట్టుకోవడానికే ఎక్కువ చోటిచ్చాను. ఆ దశ తెలిస్తే దిద్దుబాటు చాలాసార్లు ఒకటి రెండు లైన్లలో అయిపోతుంది.

ఉదాహరణలన్నీ కూకట్‌పల్లిలోని మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మెయిల్‌బాక్స్ తరహావి. నీళ్ల ట్యాంకర్ల బిల్లులు, లిఫ్ట్ ఏఎంసీ కొటేషన్లు, జీహెచ్‌ఎంసీ ఆస్తి పన్ను రసీదులు, పార్కింగ్ గొడవలు. ఒకరు తెలుగు లిపిలో రాస్తారు, ఇంకొకరు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తారు, కోశాధికారి పూర్తిగా ఇంగ్లిష్‌లో రాస్తారు. హైదరాబాద్‌లో ఏ మెయిల్‌బాక్స్ తెరిచినా దాదాపు ఇదే కలగాపులగం కాబట్టి, సెర్చ్ టూల్‌కు ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు.

టెర్మినల్ అలవాటు, సీ భాష కొద్దిగా చదవగలగడం చాలు. నేను ఉబుంటు, డెబియన్‌లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు పనిముట్టు సంగతి

నాట్‌మచ్‌ను 2009లో కార్ల్ వర్త్ మొదలుపెట్టారు. రూబీలో రాసిన సప్ అనే మెయిల్ క్లయింట్ దానికి ప్రేరణ. లైసెన్స్ జీపీఎల్ 3. ఇది మెయిల్ తేదు, పంపదు. మీ డిస్క్ మీద ఉన్న మెయిళ్లను చదివి ఇండెక్స్ చేస్తుంది, ట్యాగులు పెడుతుంది, వెతికి పెడుతుంది, అంతే. సర్వర్ నుంచి మెయిల్ దింపుకోవడానికి ఎంబీసింక్ లాంటిది వేరే కావాలి. మెయిళ్లు విడి ఫైళ్లుగా ఉండాలి, ఇక్కడ మెయిల్‌డిర్ పద్ధతి వాడదాం: ఒక్కో మెయిల్‌కు ఒక్కో ఫైలు, ఫోల్డర్‌లో కర్, న్యూ, టెంప్ అనే మూడు డైరెక్టరీలు. మెయిళ్లన్నీ ఒకే పెద్ద ఫైల్లో కుక్కిన ఎంబాక్స్ ఉంటే ముందు దాన్ని మెయిల్‌డిర్‌లోకి మార్చుకోండి.

లోపల మూడు లైబ్రరీలు పనిచేస్తాయి. జీమైమ్ మెయిల్‌ను విప్పుతుంది. జైపియన్ ఇండెక్స్ కడుతుంది. టాలోక్ మెమరీ చూసుకుంటుంది (ఇది సాంబా ప్రాజెక్టు నుంచి వచ్చింది). నాట్‌మచ్ సొంత కోడ్ ఈ మూడింటినీ కలిపి కుట్టే పని చేస్తుంది. బగ్ కనిపించగానే ఇది ఎవరిదని అడగాల్సింది ఈ నలుగురిలోనే.

బిల్డ్

జైపియన్, జీమైమ్ 3.0, టాలోక్, జెడ్‌లిబ్‌ల డెవలప్‌మెంట్ ప్యాకేజీలు వేసుకోండి. వాటితోపాటు జీడీబీ (డీబగ్గర్), వాల్‌గ్రైండ్ (మెమరీ తప్పులు పట్టేది), జైపియన్ టూల్స్ ప్యాకేజీ కూడా. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. మనకు అన్నిటికంటే అక్కరకొచ్చేది అదే.

గిట్ నుంచి సోర్స్ దింపి కాన్ఫిగర్ స్క్రిప్ట్ నడపండి. ఏ లైబ్రరీ దొరికింది, ఏది దొరకలేదు అని అది వరుసగా చెబుతుంది. ఆ జాబితాను దాటెయ్యకుండా చదవండి. డీబగ్గింగ్ కోసమైతే సీ, సీ++ కంపైలర్ ఫ్లాగులు రెండింట్లోనూ డీబగ్ సమాచారం పెట్టమని, ఆప్టిమైజేషన్ సున్నా చేయమని ఇవ్వండి. లేకపోతే జీడీబీలో సగం వేరియబుల్స్ కనిపించవు. తర్వాత మేక్, ఆ తర్వాత మేక్ టెస్ట్. ఏమీ ముట్టుకోకముందే టెస్టులు ఒకసారి పూర్తిగా నడిపి ఫలితం దాచుకోండి. రేపు ఒక టెస్ట్ ఫెయిలైతే అది మీ మార్పు వల్లా, మీ మెషీన్ వల్లా అన్న అనుమానం రాదు.

మేక్ ఇన్‌స్టాల్ వద్దు. సోర్స్ డైరెక్టరీలో తయారైన బైనరీనే పూర్తి పాత్ ఇచ్చి నడపండి. సిస్టమ్‌లో ఉన్న పాత నాట్‌మచ్ నడుస్తుంటే, కొత్త కోడ్‌లో బ్రేక్‌పాయింట్ ఎందుకు తగలట్లేదా అని ఓ సాయంత్రమంతా తల పట్టుకునే అవకాశం అలా తప్పుతుంది.

అసలు మెయిల్ మీద ప్రయోగాలు చేయకండి

ఒక ఖాళీ డైరెక్టరీలో చిన్న మెయిల్‌డిర్ పెట్టి, దానికి వేరే కాన్ఫిగ్ ఫైలు రాసి, నాట్‌మచ్_కాన్ఫిగ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఆ ఫైలు పాత్ ఇవ్వండి. పేరంతా పెద్దక్షరాల్లో ఉండాలి. ఆ టెర్మినల్‌లో ఇచ్చే ప్రతి కమాండూ ఇక ప్రయోగశాల మీదే పడుతుంది.

అసలు మెయిల్‌బాక్స్‌కు మాత్రం నాట్‌మచ్ డంప్ తీసి పెట్టుకోండి. అది ట్యాగుల్ని టెక్స్ట్ ఫైలుగా రాస్తుంది. ఇండెక్స్ పోయినా మెయిళ్ల నుంచి మళ్లీ కట్టుకోవచ్చు, కానీ పదేళ్లుగా పెట్టుకున్న ట్యాగులు ఒక్క ఇండెక్స్‌లోనే ఉంటాయి.

పరీక్ష మెయిళ్లు మీరే రాసుకోండి. సొంత మెయిల్‌బాక్స్ నుంచి పది మెయిళ్లు కాపీ చేయడం తేలిక. అయితే బగ్ రిపోర్ట్‌తో వాటిని పంపితే ఎవరి ఆధార్ పీడీఎఫో, ఎవరి ఫోన్ నంబరో బయటికి పోతుంది.

ఒక మెయిల్ వెంట నడుద్దాం

అసోసియేషన్ నుంచి వెళ్లిన ఒక మెయిల్ సబ్జెక్ట్ ఇది: "అపార్ట్‌మెంట్‌వాసులందరికీ విజ్ఞప్తి". సబ్జెక్ట్‌లో "విజ్ఞప్తి" అని వెతికితే వస్తుంది. "అపార్ట్‌మెంట్‌వాసులందరికీ" అని అచ్చంగా అదే మాట కాపీ చేసి వెతికినా రాదు. చివర నక్షత్రం గుర్తు పెట్టి "అపార్ట్‌మెంట్*" అన్నా రాదు.

మొదటి ప్రశ్న, మెయిల్ సరిగ్గా డీకోడ్ అయిందా? నాట్‌మచ్ షో కమాండ్‌ను ఒకసారి రా ఫార్మాట్‌లో, ఒకసారి జేసన్ ఫార్మాట్‌లో నడిపి పక్కపక్కన పెట్టండి. రా ఫార్మాట్‌లో సబ్జెక్ట్ బేస్64లో గజిబిజిగా ఉంటుంది. మెయిల్‌డిర్ మీద గ్రెప్ కొడితే తెలుగు సాధారణంగా దొరకకపోవడానికి కారణం ఇదే. జేసన్‌లో సబ్జెక్ట్ తెలుగులో శుభ్రంగా కనిపిస్తే జీమైమ్ పని జీమైమ్ చేసింది.

అక్కడ డబ్బాలో, ప్రశ్నార్థకాలో కనిపిస్తే అది పంపినవాళ్ల మెయిలర్ తప్పు కావచ్చు. మెయిల్ హెడర్లలో ఇంగ్లిషేతర అక్షరాలకు ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 2047 ప్రకారం హెడర్‌లో ఒక్కో ఎన్‌కోడెడ్ ముక్క 75 అక్షరాలు దాటకూడదు. మొదట్లో, చివర్లో ఉండే గుర్తులకు 12 పోతే, బేస్64 నాలుగేసి అక్షరాల లెక్కన 60 మాత్రమే వాడుకోవచ్చు. అంటే 45 బైట్లు. తెలుగు కోడ్‌పాయింట్ (యూనికోడ్‌లో ఒక అక్షరానికో గుర్తుకో ఇచ్చిన సంఖ్య) ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు కాబట్టి ముక్కకు 15 కోడ్‌పాయింట్లే పడతాయి. మన మొదటి మాట ఒక్కటే రెండు ముక్కలవుతుంది. ఆ తెగడం అక్షరం మధ్యలో జరగకూడదని ఆర్‌ఎఫ్‌సీ స్పష్టంగా చెబుతుంది. బైట్లు లెక్కపెట్టి నరికేసే మెయిలర్లు దాన్ని పట్టించుకోవు. ఇంగ్లిష్ సబ్జెక్టుల్లో ఈ తప్పు ఎన్నేళ్లయినా బయటపడదు.

మన మెయిల్‌లో డీకోడింగ్ బాగానే ఉంది. రెండో ప్రశ్న, నా క్వెరీని నాట్‌మచ్ ఎలా అర్థం చేసుకుంది? నాట్‌మచ్_డీబగ్_క్వెరీ అనే (ఇదీ పెద్దక్షరాల్లోనే) ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు ఏదో ఒక విలువ ఇచ్చి సెర్చ్ నడపండి. మీరు ఇచ్చిన మాట జైపియన్ క్వెరీగా ఎలా మారిందో ఎర్రర్ అవుట్‌పుట్‌లో కనిపిస్తుంది. బ్రాకెట్ల పొరపాట్లు, షెల్ మింగేసిన కొటేషన్ మార్కులు, ప్రిఫిక్స్ (ఎక్కడ వెతకాలో చెబుతూ మాట ముందు పెట్టేది) స్పెల్లింగ్ తప్పులు సగం ఇక్కడే దొరికిపోతాయి. ఇక్కడా అంతా సవ్యంగానే ఉందనుకోండి.

మూడో ప్రశ్న, ఆ మాట అసలు ఇండెక్స్‌లో ఉందా? దీనికే జైపియన్ టూల్స్ వేయించింది. అందులోని జైపియన్-డెల్వ్ ఇండెక్స్ లోపలికి నేరుగా చూపిస్తుంది. పాత పద్ధతి సెటప్‌లో డేటాబేస్ మెయిల్ డైరెక్టరీలోనే, చుక్కతో మొదలయ్యే నాట్‌మచ్ ఫోల్డర్ లోపల జైపియన్ పేరుతో ఉంటుంది. నాట్‌మచ్ ప్రతి మెసేజ్ ఐడీకి ముందు ఇంగ్లిష్ పెద్దక్షరం క్యూ తగిలించి ఒక టర్మ్‌గా (ఇండెక్స్‌లో వెతకగలిగే ఒక్కో మాటగా) దాస్తుంది. డెల్వ్‌కు టర్మ్ ఆప్షన్‌తో అది ఇస్తే జైపియన్ డాక్యుమెంట్ నంబరు వస్తుంది. ఆ నంబరును రికార్డ్ ఆప్షన్‌తో మళ్లీ ఇస్తే ఆ మెయిల్‌కు సంబంధించిన టర్మ్‌లన్నీ కిందికి దిగుతాయి. ట్యాగులు కే అక్షరంతో, థ్రెడ్ ఐడీ జీతో, సబ్జెక్ట్‌లోని మాటలు ఎక్స్‌సబ్జెక్ట్ ప్రిఫిక్స్‌తో మొదలవుతాయి. జెడ్‌తో మొదలయ్యేవి స్టెమ్ చేసిన (చివరి ప్రత్యయాలు తీసి మూలానికి కుదించిన) రూపాలు.

ఆ జాబితాలో "విజ్ఞప్తి" ఉంటుంది. "అపార్ట్‌మెంట్‌వాసులందరికీ" ఉండదు.

కారణం మెయిల్‌ను మాటలుగా విడగొట్టే జైపియన్ టర్మ్ జనరేటర్‌లో ఉంది. అది డిఫాల్ట్‌గా 64 బైట్లు దాటిన మాటను ఇండెక్స్ చేయకుండా వదిలేస్తుంది. మెయిళ్లలో దూరే బైనరీ చెత్త, యూయూఎన్‌కోడ్ చేసిన ముద్దలు ఇండెక్స్‌ను ఉబ్బించకుండా పెట్టిన కట్టడి అది. ఇంగ్లిష్‌కు 64 బైట్లంటే 64 అక్షరాలు. అంత పొడవు మాట ఎవరూ రాయరు. తెలుగుకు 64 బైట్లంటే 21 కోడ్‌పాయింట్లు. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, ఒత్తుకు మళ్లీ రెండు చొప్పున లెక్కేసుకుంటే మన మాట 23కు చేరుతుంది, అంటే 69 బైట్లు. మధ్యలో ఉన్న జీరో విడ్త్ నాన్ జాయినర్లను (అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తులను) జైపియన్ ఎటూ లెక్కలోకి తీసుకోదు, మాటలోంచి తీసేస్తుంది. "వెళ్లాల్సివచ్చినప్పుడు" అన్నది కూడా 22 కోడ్‌పాయింట్లు, 66 బైట్లు. మనం రోజూ వాడే మాటే ఇది. అదీ ఇండెక్స్‌లో ఉండదు. ఎక్కడా ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు.

దీన్ని ఇంకోలా కూడా రుజువు చేసుకోవచ్చు. నాట్‌మచ్ సబ్జెక్ట్ మొత్తాన్నీ టర్మ్‌లుగానే కాక విడిగా ఒక వాల్యూగానూ దాస్తుంది. సబ్జెక్ట్ ప్రిఫిక్స్ తర్వాత రెండు స్లాష్‌ల మధ్య "అపార్ట్" అని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఇస్తే, ఆ వాల్యూలో వెతికి మెయిల్‌ను తెచ్చిస్తుంది. నెమ్మదిగా వస్తుంది, కానీ వస్తుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు దొరికి టర్మ్ సెర్చ్‌కు దొరకలేదంటే తప్పు మాటలు విడగొట్టే దశలోనే ఉంది. ఇక వేరే చోట వెతకక్కర్లేదు. కోడ్ ముట్టుకునే తీరిక లేనివాళ్లకు తాత్కాలిక ఉపాయం కూడా ఇదే, సబ్జెక్ట్ వరకు.

టెస్ట్ ముందు, దిద్దుబాటు తర్వాత

నాట్‌మచ్ టెస్టులు షెల్ స్క్రిప్టులు. టెస్ట్ డైరెక్టరీలో టీ అక్షరం, మూడంకెల సంఖ్యతో మొదలయ్యే ఫైళ్లుగా ఉంటాయి. ఎన్‌కోడింగ్‌కు సంబంధించినదాన్ని తెరిచి అందులో ఒక సబ్‌టెస్ట్ చేర్చండి: యాడ్ మెసేజ్ ఫంక్షన్‌తో పై సబ్జెక్ట్ ఉన్న మెయిల్ పుట్టించండి, సెర్చ్ చేయండి, రావాల్సిన అవుట్‌పుట్‌తో పోల్చండి. ఇప్పటికి అది ఫెయిలవ్వాలి. ఫెయిలవ్వకపోతే మీరు పట్టుకున్నది వేరే బగ్. ఆ సబ్‌టెస్ట్‌ను "తెలిసిన లోపం"గా గుర్తించే ఫంక్షన్ ఒకటుంది, దాన్ని వాడి మొదటి కమిట్ చేయండి.

దిద్దుబాటు లిబ్ డైరెక్టరీలో డేటాబేస్ తెరిచే కోడ్‌లో ఉంటుంది. అక్కడ టర్మ్ జనరేటర్‌ను సృష్టించి, ఇంగ్లిష్ స్టెమర్ తగిలించే లైన్ కనిపిస్తుంది. దాని పక్కనే మాట గరిష్ఠ పొడవును పెంచే మెథడ్ పిలవండి. ఎంతకు పెంచాలి? టర్మ్‌కు జైపియన్ అనుమతించే గరిష్ఠం 245 బైట్లు, అందులో ప్రిఫిక్స్ కూడా కలిసే ఉంటుంది. అటాచ్‌మెంట్ ప్రిఫిక్సే 11 బైట్లు. నా లెక్కలో 180 చాలు. 60 కోడ్‌పాయింట్ల తెలుగు మాట అసోసియేషన్ అధ్యక్షుల ప్రసంగాల్లోనూ తగలదు.

దీనికి చెల్లించే మూల్యమూ ఉంది. 64 నుంచి 180 బైట్ల మధ్య ఉన్న ఇంగ్లిష్ చెత్తంతా ఇప్పుడు ఇండెక్స్‌లోకి వస్తుంది. మార్పుకు ముందు, తర్వాత డేటాబేస్ సైజు కొలిచి ప్యాచ్‌తోపాటు చెప్పండి. బైట్లకు బదులు కోడ్‌పాయింట్లు లెక్కపెట్టడం ఇంతకంటే న్యాయమైన పరిష్కారం. కానీ అది జైపియన్‌లో చేయాల్సిన పని, నాట్‌మచ్‌లో కాదు.

బిల్డ్ చేశాక సెర్చ్ నడిపితే ఇంకా రాదు. కంగారు పడకండి, పాత మెయిళ్లు పాత నిబంధనతోనే ఇండెక్స్ అయి ఉన్నాయి. నాట్‌మచ్ రీఇండెక్స్‌కు నక్షత్రం ఇచ్చి అన్నిటినీ మళ్లీ చేయించండి. తర్వాత టెస్ట్‌లోంచి "తెలిసిన లోపం" గుర్తు తీసేసి, దాన్నీ దిద్దుబాటునూ కలిపి రెండో కమిట్ చేయండి. ప్యాచ్‌లు గిట్ సెండ్-ఈమెయిల్‌తో వెళ్తాయి. ఒక్కో ప్యాచ్‌లో ఒక్క మార్పే ఉండనివ్వండి.

"హై"లో దాగిన రెండు రూపాలు

తెలుగు యూనికోడ్‌లో ఒకే ఒక్క గుర్తుకు రెండు సమాన రూపాలున్నాయి, అది ఐత్వం. ఒకే కోడ్‌పాయింట్‌గా 0సీ48 అని రాయొచ్చు, లేదా ఎత్వం 0సీ46, దాని వెనక 0సీ56 అని రెండుగా రాయొచ్చు. తెర మీద తేడా తెలీదు. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ ఫైలు పేర్లను విడదీసిన రూపంలో దాచేది. అలాంటి మ్యాక్ నుంచి "హైదరాబాద్ నీటి బిల్లు" అనే పీడీఎఫ్ విడదీసిన పేరుతోనే అటాచ్‌మెంట్‌గా వస్తే, మీ కీబోర్డ్ కలిపి టైప్ చేసిన "హైదరాబాద్" దానికి సరిపోదు. జైపియన్ ఈ రెండు రూపాల్నీ తనంతట తాను ఒకటి చేయదు. మన ఊరి పేరే ఈ బగ్‌కు నిలువెత్తు ఉదాహరణ కావడం బాగుంది.

అనుమానం వస్తే డెల్వ్ అవుట్‌పుట్‌ను హెక్స్‌డంప్‌లోకి పంపి బైట్లు చూడండి. సరైన పరిష్కారం ఇండెక్స్ చేసేటప్పుడూ, క్వెరీ తీసుకునేటప్పుడూ రెండు చోట్లా ఎన్‌ఎఫ్‌సీ అనే కలిపి రాసే రూపంలోకి మార్చడం. ఒక్క చోట చేస్తే బగ్ తిరగబడుతుందే తప్ప పోదు.

విభక్తులు

జైపియన్ 1.4లో తమిళానికి, నేపాలీకి స్టెమర్లున్నాయి, తెలుగుకు లేదు. కాబట్టి "హైదరాబాద్", "హైదరాబాదులో", "హైదరాబాద్‌కు" మూడూ మూడు వేరు మాటలు. వైల్డ్‌కార్డ్‌తో చాలావరకు నెట్టుకురావచ్చు, కానీ నక్షత్రం ఎక్కడ పెడుతున్నారో చూసుకోవాలి. పొల్లుతో ఆపి "హైదరాబాద్*" అంటే "హైదరాబాదులో" రాదు. పొల్లు తీసి "హైదరాబాద*" అంటే అన్నీ వస్తాయి, ఎందుకంటే పొల్లు, కొమ్ము రెండూ "ద" తర్వాత వచ్చే కోడ్‌పాయింట్లే. హలంతంతో ముగిసే ఏ మాటకైనా ఇదే కిటుకు: ట్యాంకర, లిఫ్ట, పార్కింగ.

మెయిల్ ఇండెక్స్‌లోకే రాకపోతే

కొత్త మెయిళ్లను ఇండెక్స్ చేసే నాట్‌మచ్ న్యూ కమాండ్ ప్రతి డైరెక్టరీ మార్పు సమయాన్ని గుర్తుపెట్టుకుంటుంది. అది మారకపోతే లోపలికి తొంగిచూడదు. బ్యాకప్ నుంచి కాపీ చేసినప్పుడు ఫైళ్లతోపాటు డైరెక్టరీల పాత సమయాలు కూడా వెనక్కి వస్తే కొత్త మెయిళ్లు కనబడకపోవచ్చు. ఫుల్ స్కాన్ ఆప్షన్ ఇచ్చి నడిపితే సమయాలు చూడకుండా అన్నీ చదువుతుంది. ఈ కోడ్‌లో ఒక ముచ్చటైన జాగ్రత్త ఉంది. డైరెక్టరీ సమయం సరిగ్గా ఇప్పటి సెకనే అయితే దాన్ని డేటాబేస్‌లో రాయదు. అదే సెకనులో ఇంకో మెయిల్ వచ్చి పడొచ్చు కదా అని. టైమింగ్ బగ్‌ల మీద పని చేసేముందు ఆ ఫంక్షన్‌ను, దాని మీదున్న కామెంట్లను ఒకసారి చదవండి.

తేదీ తేడాలు

ఇంట్లో ల్యాప్‌టాప్‌లో దొరికిన మెయిల్ క్లౌడ్ సర్వర్‌లో అదే తేదీ ఇస్తే దొరకదు. తేదీ క్వెరీని మెషీన్ టైమ్‌జోన్ ప్రకారం చదువుతుంది. జనవరి 26 ఉదయం 4 గంటలకు కూకట్‌పల్లి నుంచి పంపిన మెయిల్, యూటీసీలో ఉన్న సర్వర్‌కు జనవరి 25 రాత్రి 10:30. టెస్టులు యూటీసీలోనే నడుస్తాయి కాబట్టి ఈ రకం బగ్‌కు టెస్ట్ రాసేటప్పుడు టైమ్‌జోన్‌ను మీరే అమర్చాలి.

క్రాష్‌లు, తాళాలు

జైపియన్ డేటాబేస్‌కు ఒకేసారి ఒక్కరే రాయగలరు, చదివేవాళ్లు ఎంతమందైనా ఉండొచ్చు. ఎక్కువసేపు నడిచే సెర్చ్ మధ్యలో, వేళ ప్రకారం పనులు నడిపే క్రాన్‌లోని నాట్‌మచ్ న్యూ రెండు మూడుసార్లు రాసేస్తే, చదివేవాడి చేతిలోని పాత రివిజన్ చెల్లదని ఎక్సెప్షన్ వస్తుంది. అది డేటాబేస్ పాడవడం కాదు. మళ్లీ తెరిచి చదివితే సరి. లాక్ అయిందన్న ఎర్రర్ వస్తే ఫ్లింట్‌లాక్ ఫైలును తుడిచేయకండి. తాళం ఆ ఫైలు ఉండటం వల్ల పడదు, దాన్ని పట్టుకున్న ప్రాసెస్ వల్ల పడుతుంది. ఆ ప్రాసెస్ ఏదో కనుక్కోండి. డేటాబేస్ నిజంగా చెడిందని అనుమానముంటే జైపియన్-చెక్ చెబుతుంది.

నాట్‌మచ్ జైపియన్ ఎక్సెప్షన్లను పట్టుకుని ఒక స్టేటస్ కోడ్‌గా మార్చేస్తుంది. దాంతో ఎర్రర్ బయటికొచ్చేసరికి అది పుట్టిన చోటు ఆనవాలు ఉండదు. జీడీబీలో క్యాచ్ త్రో అని పెట్టి నడిపితే ఎక్సెప్షన్ విసిరిన క్షణంలోనే ఆగుతుంది, అక్కడ బ్యాక్‌ట్రేస్ తీసుకోవచ్చు. మెమరీ తప్పులకు టెస్ట్‌లను వాల్‌గ్రైండ్ ఆప్షన్‌తో నడపండి. నిన్నటిదాకా పనిచేసి ఇవాళ చెడినదైతే, మీరు రాసిన సబ్‌టెస్ట్‌ను, తప్పు తెచ్చిన కమిట్‌ను వెతికిపెట్టే గిట్ బైసెక్ట్ రన్‌కు అప్పగించి టీ తాగి రండి.

ఇంగ్లిష్ అక్షరాల తెలుగు

"నీళ్లు" అన్నదాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో మా అసోసియేషన్‌లోనే కనీసం నాలుగు రకాలుగా రాస్తారు. ఒకప్పుడు నెట్‌లో తెలుగువాళ్లు ఆర్‌టీఎస్ అనే స్థిరమైన లిప్యంతరీకరణ పద్ధతి వాడినప్పుడు కాస్త క్రమం ఉండేది. ఇప్పుడు ఎవరి స్పెల్లింగ్ వారిది. దీన్ని ఇండెక్సర్‌లో పరిష్కరించాలని చూడకండి. ఆ ప్యాచ్ ఎవరూ తీసుకోరు, తీసుకోకపోవడమే సబబు. నాట్‌మచ్ న్యూ ముగిశాక నడిచే పోస్ట్-న్యూ హుక్‌లో చిన్న స్క్రిప్ట్ రాసి, ఆ నాలుగు స్పెల్లింగులనూ ఓఆర్‌తో కలిపి వెతికించి, దొరికినవాటికి "నీళ్లు" అని తెలుగులోనే ట్యాగ్ పెట్టించండి. ట్యాగులకు 64 బైట్ల కట్టడి వర్తించదు. అవి టర్మ్ జనరేటర్ గుండా వెళ్లకుండా నేరుగా డాక్యుమెంట్‌కు చేరతాయి.